ఒకటిన్నర కాలి బల్ల

ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) పేపర్లో మొదటి ప్రశ్నలో కనిపించే బల్లలూ కుర్చీల కార్ఖానా యజమానిని మీరు ఎరుగుదురు. ఏళ్ల తరబడి ఆయన రెండే సరుకులు చేస్తున్నాడు. సరదాకి ఒక స్టూలైనా చెయ్యడు. మూడో సరుకు మొదలెడితే గ్రాఫ్ కాగితం మీద మూడో అక్షం ఎక్కడ గియ్యాలని ఆయన బెంగ. చేసిందల్లా అమ్ముడుపోతుంది, వడ్రంగులకి జ్వరం రాదు, కలప నిండుకోదు. ఇంత నిశ్చింతగా బతుకుతున్న వ్యాపారికి సలహాలిచ్చే నిమిత్తం ఏటా బిజినెస్ విద్యార్థుల్ని తయారుచేస్తున్నాం.

ఆయన కష్టం ఇదీ: ఎక్కువ లాభం రావాలంటే వారానికి ఎన్ని బల్లలు, ఎన్ని కుర్చీలు చెయ్యాలి? బల్లకి వడ్రంగం పని 4 గంటలు, రంగు పని 2 గంటలు. కుర్చీకి వడ్రంగం 2, రంగు 3. వారంలో వడ్రంగానికి 120 గంటలు, రంగుకి 100 గంటలు. లాభం బల్ల మీద 60, కుర్చీ మీద 40. ఆ గంటల హద్దులకి రెండు గీతలు గీస్తే 20 బల్లలు, 20 కుర్చీల దగ్గర కలుస్తాయి, లాభం 2000. అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాల్లో తేలిపోయేదానికి 15 మార్కులు ఇస్తే విద్యకి విలువేముంటుంది? అందుకని సింప్లెక్స్ (మెట్టు మెట్టుగా మెరుగైన జవాబుకి నడిచే పద్ధతి) పట్టిక వెయ్యాలి. స్లాక్ (మిగిలిపోయే గంటల) వేరియబుళ్లు చేర్చు, సీజే మైనస్ జెడ్‌జే చూసి కీ కాలమ్ పట్టు, నిష్పత్తులు చూసి కీ రో పట్టు, కీ ఎలిమెంటుతో భాగించు, మిగతా వరసలు సరిచెయ్యి. మూడో పట్టికకి ఆ 20, 20 మళ్లీ వస్తాయి, దారిలో ఒక్క మైనస్ గుర్తు జారకపోతే. ప్రశ్నలో ‘కనీసం’ అన్న మాట పడిందా, బిగ్ ఎం (చాలా పెద్ద అంకె) అనే మహానుభావుడు కూడా వేంచేస్తాడు.

అమెరికా గణితవేత్త డాంట్‌జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. అదే ఏడు దాన్ని ఆర్థికవేత్త స్టిగ్లర్ ఆహార సమస్య (పోషకాలన్నీ అందేలా అతి చవకైన తిండి ఏది?) మీద పరీక్షించారు: 77 పదార్థాలు, 9 పోషకాల నిబంధనలు. చేత్తో తిప్పే లెక్కల యంత్రాలు పెట్టుకుని తొమ్మిది మంది గుమాస్తాలు కూర్చుంటే, అందరి రోజులూ కలిపి దాదాపు 120 పనిదినాలు పట్టింది. ఆ తర్వాత ఈ చాకిరీ అంతా కంప్యూటర్లకి పోయింది. ఆ కబురు పరీక్ష హాలుకి ఇంకా చేరలేదు.

సరే, వడ్రంగం గంటలు ఒక్కటి పెంచి 121 చెయ్యండి. జవాబు 20.375 బల్లలు, 19.75 కుర్చీలు. విద్యార్థి దీనికి డబ్బా గీసి, కింద రెండు గీతలు కొట్టి, ‘ఆప్టిమల్’ అని రాస్తాడు. మార్కులు నిండుగా పడతాయి. ఈ పథకాన్ని కార్ఖానాకి పంపితే చూడాలి. ఇరవయ్యొకటో బల్లకి ఒకటిన్నర కాలు, దానికి తగ్గ చెక్క. ఇరవయ్యో కుర్చీకి మూడు కాళ్లు. మేస్త్రీ తల గోక్కుని, ‘‘ఈ బల్ల ఎవరు కొంటారు బాబూ?’’ అంటాడు. ‘‘డిమాండ్ మీద కన్‌స్ట్రైంట్ లేదు, అమ్ముడుపోతుంది’’ అంటాడు మన పట్టభద్రుడు. ‘‘నిలబడదు కదా?’’ ‘‘అది సిలబస్‌లో లేదు.’’ పోనీ పైకి సవరించి 21, 20 చేద్దామా అంటే వడ్రంగం 124 గంటలు, రంగు 102 గంటలు కావాలి. రెండూ లేవు. దగ్గరి అంకెకి సవరిస్తే మళ్లీ 20, 20. అంటే ఆ అదనపు గంట వల్ల పైసా రాలేదు.

నిజానికి ఆ ముక్క బల్లకి అర్థం ఉండొచ్చు. ప్రతి వారం సాగే పనైతే సగంలో ఉన్న బల్ల సోమవారం పూర్తవుతుంది, 20.375 అనేది వారపు సగటు. ఒక్కసారి ఇచ్చే ఆర్డరైతే ఇంటీజర్ ప్రోగ్రామింగ్ (పూర్ణాంకాల్లోనే జవాబిచ్చే పద్ధతి) వాడాలి. ఏది అని అడగాలి. అడగడానికి మార్కుల్లేవు.

చివరి పట్టికలో స్లాక్ కాలమ్‌ల అడుగున 12.5, 5 అని రెండు అంకెలు దీనంగా పడి ఉంటాయి. షాడో ప్రైస్‌లు. వడ్రంగం గంట ఇంకొకటి దొరికితే లాభం 12.5 పెరుగుతుంది, ఈ రేటు మొత్తం 200 గంటల వరకూ చెల్లుతుంది. ఆ 60, 40లలో మామూలు కూలి ముందే తీసేసి ఉంటే, ఓవర్‌టైముకి మామూలు కూలి మీద ఇంకో 12.5 దాకా ఇవ్వొచ్చు. తియ్యకపోతే మొత్తం కూలే 12.5 దాటకూడదు. ఈ తేడా తెలియక ఓవర్‌టైము మీద సంతకాలు పెట్టేవాళ్లున్నారు. ఇంకో సంగతి: బల్ల మీద లాభం 27 నుంచి 80 మధ్య ఎక్కడున్నా పథకం మారదు. అది 58 అవుతుందా, 62 అవుతుందా అని మీటింగుల్లో కొట్టుకునేవాళ్లకి ఈ ఒక్క వాక్యం చాలు. మనమేమో ‘‘పై సమస్యకి డ్యూయల్ (గంటలకి విలువ కట్టే జంట సమస్య) రాసి, మొదటినుంచి సాధించుము’’ అంటాం. ఆ జవాబు పై పట్టికలోనే ఉంది నాయనా!

ఇలా చదివినవాడి చేతికి ఒకరోజు సాల్వర్ (ఈ లెక్కలు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్) వస్తుంది. 2000 కంటే ఎక్కువ లాభం కావాలని అడిగితే, సాధ్యమైన పరిష్కారం దొరకలేదంటుంది. ఏదో ఒక నిబంధన సడలించాలి. కలప వర్తకుడు వినడు, గోదాం గోడలు జరగవు, బ్యాంకు వాయిదా ఆగదు. నోరులేని గడి ఒకటుంది: వడ్రంగం, 120. దాన్ని 150 చేస్తాడు. ఒక్క మీట నొక్కితే సరి, లాభం 375 పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ 120 అంటే ముగ్గురు మనుషులయ్యా, తలా 40 గంటలు! ఇప్పుడు తలా 50. బల్లకి 4 గంటలన్నది చేతుల్లో సత్తువ ఉన్నప్పటి కొలత. నలభై తొమ్మిదో గంటలో అదే బల్లకి అయిదు పడుతుంది, ఉలి జారుతుంది, చెక్క చీలుతుంది. మోడల్లో మాత్రం ఆ 4 అలాగే ఉంటుంది, కాబట్టి ఆ 375 అబద్ధం. దాన్ని అబద్ధమని పట్టుకోవడం నేర్పాల్సిన క్లాసులో మనం కీ ఎలిమెంటు చుట్టూ సున్నా చుట్టడం నేర్పాం. సిగ్గుచేటు.

వచ్చే ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న చేర్చండి: బల్లకి 4 గంటలని ఎవరు కొలిచారు, వడ్రంగి పనిలోకి దిగిన ఎన్నో గంటలో కొలిచారు? రెండు మార్కులిచ్చినా చాలు.