సే మోర్ అన్నాక ఇక బతిమాలొద్దు

ఫ్రెంచ్ నేర్పే క్లాసుల మీద నాకు పీకల దాకా కోపం ఉంది. బీ1 అనే మధ్యస్థాయి పరీక్ష దాకా లాక్కొచ్చి, పని చెడితే "మాలరజ్‌మాఁ" అనాలని నేర్పారు. దురదృష్టవశాత్తు అని అర్థం. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మూడేళ్లుగా ఉంటున్నా, తోటివాళ్లతో కబుర్లలో ఆ మాట వాడేది నేనొక్కణ్ణే.

వచ్చిన కొత్తలో ఒకతను "శనివారం ట్రిప్పు సే రాపే" అన్నాడు. రాపే అన్న మాట నేను చూసింది తురిమిన చీజ్ ప్యాకెట్ మీదే. ట్రిప్పుకి చీజ్ తెమ్మన్నాడేమో అనుకున్నా. ట్రిప్పే తురుమైపోయిందట, అంటే ఇక లేనట్టే!

వీళ్ల నిరాశ సగం వంటింట్లోనే ఉంది. "లే కరోత్ సోఁ క్వీత్" అంటే క్యారెట్లు ఉడికిపోయాయి, ఇక చేసేదేం లేదని. "సే లా ఫాఁ దే ఆరికో" అంటే చివరికి బీన్స్ కూడా అయిపోయాయి, అంతా అయిపోయిందని. ప్లాను "నీళ్లలో పడింది" అన్నప్పుడు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మన గంగలో కలవడమే కదా.

పేరెత్ అనే పాలమ్మాయి కథ ఉంది. ఫ్రెంచ్ కవి లా ఫొంతేన్ 1678లో అచ్చేసిన నీతికథల సంపుటంలోది. పాలకుండ పగలగానే, ఆ పాలడబ్బుతో వస్తాయని కలలుగన్న దూడ, ఆవు, పంది, కోడిపిల్లలు అన్నిటికీ వీడ్కోలు. చేజారిన ఆశకి ఇప్పటికీ అదే సామెత. మన పంచతంత్రంలోని పేలపిండి కుండకి దగ్గరి చుట్టం. ఆ సంపుటం ముందుమాటలోనే భారతీయ జ్ఞాని పిల్‌పేకి రుణపడ్డానని ఆయన రాసుకున్నాడు. ఇదొక్కటి చెప్పినా తెలుగు పిల్లలు ఠక్కున పట్టుకునేవాళ్లు.

నా కడుపుమంట అసలు వేరే. ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు నా ఫైలు చూసి "సే పా గాన్యే" అన్నాడు. ఇంకా గెలవలేదు, అంటే ఆశ ఉందనుకుని పది రోజులు కూర్చున్నా. అది మన "చూద్దాం లెండి" లాంటిదని ఎవడు చెప్పాడు? తర్వాత "సే మోర్" అన్నాడు. చచ్చిందని. నేనేమో జీతం చీటీలు పట్టుకుని ఇంకో అరగంట బతిమాలా.

ఇవి మర్యాద మాటలు కావని మా టీచర్ వాదన. నేర్పకపోతే ఏమైంది? ఆఫీసులో విని "ఫుతు" అనే మోటుమాట పట్టుకొచ్చి, వాషింగ్ మెషీన్ పాడైందని డెబ్బై ఏళ్ల ఇంటావిడ ముందు అన్నా. ఆవిడ నవ్వాపుకుంటూ, "ఫిషు అనాలి బాబూ, ఫిషు" అని దిద్దింది.