‘టప్’ మనే శబ్దం

మొన్న ఆదివారం రాత్రి పదో తరగతి చదివే మా అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ఓమ్ నియమాన్ని నిరూపించింది. బ్యాటరీ లేదు, వైరు లేదు, అమ్మీటర్ అసలే లేదు. స్కేలు, పెన్సిలు, ఫ్రెండు రికార్డు, అంతే. ఇంతకన్నా సురక్షితమైన ప్రయోగశాల భూమ్మీద ఉండదు. షాకు కొట్టదు, గాజు పగలదు, స్టాక్ రిజిస్టర్లో ఎవరూ సంజాయిషీ రాసుకోనక్కర్లేదు.

రీడింగులు చూశాను. 1 వోల్టుకి 0.2 ఆంపియర్లు, 1.5కి 0.3, 2కి 0.4. ఏ వరసలో వోల్టుల్ని ఆంపియర్లతో భాగించినా నిరోధం, ఓమ్ నియమం చెప్పినట్టే మారకుండా, కచ్చితంగా 5 ఓమ్‌లు. 1827లో పుస్తకం అచ్చేసిన ఓమ్ గారికైనా ఇంత నున్నగా వచ్చి ఉండవు.

“ఒక్కటి 0.41 చెయ్యి తల్లీ, కాస్త నిజంలా ఉంటుంది” అన్నాను.

“వద్దు నాన్నా, సార్ తప్పని కొట్టేస్తారు.”

చివర ‘జాగ్రత్తలు’ కింద, పారలాక్స్ దోషం లేకుండా రీడింగ్ తీసుకోవాలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పారలాక్స్ అంటే ఏంటమ్మా అన్నాను. “అదొక జాగ్రత్త నాన్నా” అంది. మీటరు ముల్లును వారగా చూస్తే అంకె తప్పుగా కనబడటమే అది. మర్నాడు ఎర్ర సిరాతో ‘గుడ్’ వచ్చింది.

బళ్ళో ల్యాబ్ లేదనుకునేరు. నిక్షేపంలా ఉంది, తాళం వేసి. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు తీస్తారు. బూజు దులిపి, విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ ఫొటోకి దండ వేసి, అద్దాల బీరువాలోని అస్థిపంజరం పక్కన అందరూ వరసగా నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ గదిలో ఏడాది పొడుగునా హాజరు పడేది దానికొక్కదానికే. 1928లో ఆ రోజున రామన్ కాంతి గురించి కనిపెట్టాడు కాబట్టి, ఆ ఒక్క పూట కిటికీ తెరిచి గదిలోకి కాంతిని రానిస్తారు. సాయంత్రానికి మళ్ళీ తాళం.

సార్ని అనడానికి నోరు రాదు. బీకరు పగిలితే అడిగేది ఆయన్నే, సిలబస్ ఆగితే అడిగేదీ ఆయన్నే.

కానీ ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు. జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వెలిగించిన పుల్ల పరీక్షనాళిక మూతి దగ్గర పెడితే హైడ్రోజన్ ‘టప్’ మంటుంది. మా ఊరి బళ్ళో నేను విన్నాను. వెనక్కి గెంతి, “ఇంకోసారి సార్!” అని గోల చేశాం. పావుగంట పని అది! దానికీ తీరిక లేదా? పిల్లల చెవిన పడని చప్పుడు గురించి వాళ్ళ చేత రాయించి మార్కులు వేయడానికి సిగ్గుండక్కర్లేదా?

ఆ శబ్దం ఎలా ఉంటుందో తెలుసా అని మా అమ్మాయిని అడిగాను.

“కోట్స్‌లో ఉంటుంది నాన్నా” అంది.