టమాటా సాధన

పని మనిషిని నలగ్గొట్టకూడదు, ఫోను మింగేయకూడదు, అయినా పని మాత్రం జరిగిపోవాలి. ఈ జటిల సమస్య మీద ఆరు నెలలుగా పరిశోధన చేస్తున్నాను. పరిశోధనంతా ఫోన్లోనే, అదీ ఆఫీసు వేళల్లోనే సాగింది కనుక దాని ప్రామాణికతను ఎవరూ శంకించరాదు.

ముందు లెక్క చూద్దాం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ గారి మాటలు బయటికొచ్చాయి. ఆయన పాట 90 దగ్గర ఆగింది. పైగా ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య మొహం చూస్తారనీ అడిగారు. పెద్దలు అడిగాక జవాబివ్వడం మర్యాద. కాగితం, పెన్సిలు తీశాను.

వారానికి 168 గంటలు. అందులో 90 కంపెనీవి. రోజుకు ఏడు చొప్పున నిద్ర 49. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రానూపోనూ రోజుకు రెండు గంటలు, వెరసి 14 (ఇది వాన పడని వారం లెక్క, పడితే నిద్రలోంచి కోసుకోవాలి). మిగిలినవి 15. అంటే రోజుకు రెండు గంటల ఎనిమిది నిమిషాలు. స్నానం, తిండి, గ్యాస్ బుకింగ్, పిల్లాడి స్కూలు గ్రూపులో 'నోటెడ్ మేడమ్' పెట్టడం పోగా నాకు నాలుగు నిమిషాలు తేలాయి. ఆ నాలుగు నిమిషాలూ మా ఆవిడ రీల్స్ చూస్తోంది. కాబట్టి సార్, మీ ప్రశ్నకు జవాబు సున్నా.

చట్టం లేదా అంటారు. ఉంది. 1948లోనే ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలంది. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని 2025 జులైలో తెలంగాణ సర్కారు ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా ఆ 48ని ముట్టుకోలేదు. మా ఆఫీసులోనూ ఎవరూ ముట్టుకోరు. గురువారం రాత్రి దాన్ని దాటుకుని గౌరవంగా ముందుకు వెళ్లిపోతాం.

ఇక పద్ధతుల సంగతి. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు 1980ల చివర్లో చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమరు ముందు పెట్టుకున్నాడట. అలా పుట్టిందే పొమొడోరో పద్ధతి. పొమొడోరో అంటే వాళ్ల భాషలో టమాటా. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. ఇది చదివి నాకు కన్నీళ్లొచ్చాయి. మదనపల్లె మార్కెట్లో లారీల కొద్దీ టమాటా దిగుతుంది. 2023 జులైలో కిలో వంద దాటి బంగారమైంది. మరో ఏడాది ధర పడిపోతే అదే టమాటా రోడ్డుపాలు. ఇంత సహవాసం ఉండీ మన రైతు ఒక్క ఏకాగ్రతా పద్ధతి కనిపెట్టలేదే! తీరా ఆలోచిస్తే, 25 నిమిషాలకోసారి ఆగుదామని రైతు అనుకున్నా, చెట్టు మీద పండిన కాయ ఆగదు కదా.

నేను మాత్రం సాధన మొదలుపెట్టాను. టైమరు ఫోన్లోనే ఉంది. అది మోగింది. ఆపుదామని ఫోను తీశాను. తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు, మీకూ జరిగింది. దాంతో ఫోను వాడకం తగ్గించే యాప్ వేశాను. అది రోజూ మూడుసార్లు టింగుమని, ఈ రోజు మీరు ఫోను తక్కువ చూశారహో అని అభినందిస్తుంది. ఆ అభినందన చదవడానికి ఫోను చూడాలి. చూసినందుకు సాయంత్రం అదే యాప్ మందలిస్తుంది. మా నాన్న కూడా ఇంత నిలకడగా నన్ను పెంచలేదు.

ఆఫీసులో అసలు దైవం పచ్చచుక్క. ల్యాప్‌టాప్‌లో పేరు పక్కన అది వెలుగుతుంటే మనిషి పనిచేస్తున్నట్టు. పసుపు తిరిగితే సోమరి. బుర్రతో ఆలోచిస్తే చుక్క పసుపవుతుంది, ఊరికే మౌసు కదిపితే పచ్చగా ఉంటుంది. మా టీములో ఒక మేధావి ముల్లు తిరిగే చేతి గడియారం మీద మౌసు బోర్లించి భోజనానికి వెళ్తాడు. ముల్లు కదులుతుంటే మౌసు పనిచేస్తుంది. టీములో కునుకు తీయనిది ఆ గడియారం ఒక్కటే. ప్రతి శుక్రవారం టైమ్‌షీట్ కూడా నింపాలి. అది నింపడానికి పట్టిన ముప్పావు గంట ఏ పద్దులో రాయాలని అడిగితే దాని మీద మీటింగ్ పెట్టారు.

మొన్న ఒక రోజు పదకొండింటికి ఆఫీసులో నెట్ పోయింది. చాట్ లేదు, మెయిల్ లేదు, చుక్క లేదు. ఏం తోచక పని చేశాను. పన్నెండున్నరకల్లా ఆ రోజు పని మొత్తం అయిపోయింది. భయం వేసి మళ్లీ సరిచూశాను, నిజంగానే అయిపోయింది. లేచి ఇంటికి పోదామనుకుంటే పార్కింగ్‌లో మేనేజర్ గారి కారు ఉంది. ఆయనుండగా ఎలా కదలడం? రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చున్నాను. ఆయనా కూర్చున్నారు. పాపం ఏం పనో అనుకున్నాను.

మర్నాడు టీ దగ్గర ఆయనే చెప్పారు. ఒంటిగంటకే ఖాళీ అయ్యారట. కిటికీలోంచి చూస్తే నా బండి ఇంకా కిందే ఉందట.