పదిహేనో పడక

ఈ సంవత్సరాంతానికి లంబసింగికో, అరకుకో, ఊటీకో బండి మాట్లాడుకున్న వాళ్ళందరినీ ఒక్క మాట అడుగుతున్నాను. మీ డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడు?

గదులెన్నో మీకు తెలుసు. చలిమంట దగ్గర కాల్చుకోవడానికి ఎన్ని కిలోల చికెన్ కావాలో తెలుసు. ముప్పై ఒకటో తారీఖు రాత్రి కేకు ఎవరు తెస్తున్నారో తెలుసు. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. కిందటి డిసెంబరులో నా దగ్గరా లేదు.

మొత్తం 14 మందిమి. మేము నలుగురం, మా తమ్ముడి కుటుంబం ముగ్గురు, నా కాలేజీ స్నేహితురాళ్ళ కుటుంబాలు రెండు, మా అమ్మ. ఏర్పాట్లన్నీ నేనే చూశాను. ఒక నోటు పుస్తకంలో పేజీలకు పేజీలు రాసుకున్నాను: మంచం మీదే పడుకోవలసిన వాళ్ళెవరు, ఎవరికి వేడినీళ్ళు తప్పనిసరి, పిల్లలకు మంకీ క్యాపులు ఎన్ని, దారిలోకి పులిహోర ఎవరిది, చేగోడీలు ఎవరివి. అదే పుస్తకంలో ‘డ్రైవర్ బత్తా, రోజుకు 500’ అని కూడా రాశాను. అతను పడుకునే చోటు గురించి ఒక్క ముక్క రాయలేదు.

హైదరాబాదులో 29వ తేదీ రాత్రి ఎనిమిదింటికి బయల్దేరాం. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, తుని దాటి నర్సీపట్నం చేరేసరికి బాగా తెల్లవారింది. ఆ రాత్రంతా మేము పాటలు పాడుకుని, అలసిపోయి, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయాం. అతను నడిపాడు. అన్నవరం దగ్గర టీ కోసం ఆగినప్పుడు ‘ఒక గంట కళ్ళు మూసుకుంటానక్కా’ అన్నాడు. ఆ గంట కూడా మావాళ్ళలో ఒకరు వాచీ చూసుకుంటూనే గడిపారు. మంచు పోయేలోపు కొండ ఎక్కాలని తొందర.

లంబసింగి అందం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తాజంగి జలాశయం మీద పొగమంచు కదులుతుంటే పిల్లలు నోరు తెరిచి చూశారు. స్ట్రాబెర్రీ తోటలో అమ్మ చిన్నపిల్ల అయిపోయింది. దారి పొడవునా వలిసె పూల పసుపు. ఆ రోజంతా నిజంగా సంతోషంగా గడిచింది. రాత్రి గుడారాల మధ్య చలిమంట వేశారు, పాటల పెట్టెలు పెట్టారు, ఒంటిగంట దాకా ఆట, పాట. తెల్లవారుజామున మూడింటికి వంజంగి మేఘాల కొండకు బయల్దేరాలని ముందే అనుకున్నాం. సూర్యోదయం లోపు పైకి చేరకపోతే మేఘాలు చూడలేమని అందరూ చెప్పారు కదా.

రెండున్నరకు లేచాను. అమ్మ శాలువా బండిలో ఉండిపోయిందని గుర్తొచ్చి టార్చి పట్టుకుని వెళ్ళాను.

అద్దాలు లోపలినుంచి పూర్తిగా ఆవిరి పట్టి ఉన్నాయి. తలుపు మీద తట్టబోతూ లైటు వేస్తే కనిపించాడు. ముందు సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతులు చంకల్లో దూర్చుకుని ఉన్నాడు. ఒంటి మీద కప్పుకున్నది దుప్పటి కాదు. బండి కిటికీలకు ఉండే నీలం కర్టెన్లు. నాలుగైదు కర్టెన్లను కొక్కేలనుంచి ఊడదీసి, ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. వాటి అంచుల్లో ఇనుప రింగులు ఇంకా అలాగే ఉన్నాయి. అతను వణికినప్పుడల్లా ఆ రింగులు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

నన్ను చూసి ఉలిక్కిపడి లేచాడు. మొదటి మాట ఏమిటో తెలుసా? ‘బయల్దేరదామా అక్కా?’

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆ ఊళ్ళో రాత్రి ఆరుబయట ఉంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం నమోదు చేసే ఉష్ణోగ్రతలు డిసెంబరులో పత్రికల్లో వస్తుంటాయి. పది డిగ్రీల లోపు మామూలే, కొన్ని రోజులు ఐదుకూ దిగుతుంది. ఆ అంకెలు చూసే మనం సంబరపడి బండి మాట్లాడుకుంటాం. ఆ చలిలోనే, మాకు 20 అడుగుల దూరంలో, ఒక మనిషి కర్టెన్లు కప్పుకుని పడుకున్నాడు. మా గుడారాల్లో వాడని దుప్పట్లు మూడు మడత పెట్టి ఉన్నాయి.

అతనితో మాట్లాడుతూ నిలబడ్డాను. మమ్మల్ని ఎక్కించుకున్న రోజు ఉదయం ఐదింటికే లేచి ఎవరినో విమానాశ్రయంలో దింపాడట. అక్కడనుంచి లెక్క వేశాను. 45 గంటల పైచిలుకు గడిచాయి. అందులో అతను కళ్ళు మూసింది అన్నవరం దగ్గర ఒక గంట, తాజంగిలో మధ్యాహ్నం రెండు గంటలు, మా పాటల పెట్టెలు ఆగాక ఒకటిన్నర గంట. నాలుగున్నర గంటలు. ఆ మనిషి చేతిలో ఆరుగురు పిల్లలను పెట్టి, చీకట్లో, పొగమంచులో, పాడేరు వైపు మలుపుల రోడ్డు మీద పంపబోతున్నాను నేను.

పదిహేడు గంటలు నిద్ర లేకుండా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని పరిశోధకులు చాలాకాలం కిందటే తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములు. తాగి నడిపేవాడి బండి మనం ఎక్కం. పిల్లలను అసలే ఎక్కించం. నిద్రలేనివాడి బండి మాత్రం ‘టీ తాగితే సరిపోతుందిలే’ అనుకుని ఎక్కేస్తాం. టీ కాసేపు కళ్ళు తెరిపిస్తుంది, అంతే. రెప్ప వాలే ఆ మూడు సెకన్లలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి 50 మీటర్లు పోతుంది. ఘాట్ రోడ్డులో 50 మీటర్ల సూటి దారి ఎక్కడుంది?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చలి భరించలేక కొందరు డ్రైవర్లు అద్దాలన్నీ బిగించి, ఇంజను ఆన్‌లో ఉంచి, హీటరు వేసుకుని పడుకుంటారు. ఇంకొందరు నిప్పుల కుంపటి లోపల పెట్టుకుంటారు. అలా లోపల చేరే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ బండి డ్రైవరు ఇలా చేస్తున్నాడేమో ఈసారి ఒక్కసారి బయటకు వెళ్ళి చూడండి, మీకు పుణ్యముంటుంది.

ఆ గుడారాలు నడిపే మనిషిని లేపి అడిగాను, డ్రైవరుకు ఏదైనా చోటుందా అని. ‘డ్రైవర్లు బండిలోనే పడుకుంటారండీ, వాళ్ళకు అలవాటే’ అన్నాడు. ఆ ‘అలవాటే’ అన్న మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. చలి ఎవరికి అలవాటవుతుంది? నిద్ర లేకపోవడం ఏ ఒంటికి అలవాటవుతుంది? వేరే దారి లేక భరించేదానికి మనం పెట్టుకున్న పేరు అది. ఇళ్ళలో పనిచేసే అమ్మాయి కింద కూర్చోవడానికీ ఇదే మాట, అపార్ట్‌మెంటు కాపలాదారు మెట్ల కింద పడుకోవడానికీ ఇదే మాట. ఆ మాట అనగానే మనకు చేయవలసిన పనేదీ మిగలదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుంది.

వంజంగి వద్దన్నాను. గొడవైంది. ‘600 కిలోమీటర్లు వచ్చి మేఘాలు చూడకుండా పోవడమేమిటి’ అని ఒకరు, ‘అతనే ఫరవాలేదంటున్నాడు కదా’ అని ఇంకొకరు. అవును, అంటాడు. కాదంటే యజమానికి ఫిర్యాదు వెళుతుందని, తర్వాతి ట్రిప్పు ఇంకొకరికి పోతుందని అతనికి తెలుసు. సీజను ఉన్నదే ఈ రెండు నెలలు. ‘ఫరవాలేదు’ అనడం తప్ప అతని దగ్గర ఇంకో మాట లేదు.

చివరికి తేల్చింది మా అమ్మ. ‘మేఘాలు రేపూ ఉంటాయి. ఆ అబ్బాయిని పడుకోనివ్వండి’ అంది. తన మంచం ఖాళీ చేసి, రెండు దుప్పట్లు పరిచి, ‘నాయనా, రా’ అని పిలిచింది. అతను గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అమ్మ కసిరితే తప్ప లోపలికి రాలేదు. తొమ్మిదింటి దాకా పక్క కూడా తిరగకుండా నిద్రపోయాడు. పిల్లలు అరవబోతే అమ్మ వేలు పెదవి మీద పెట్టి చూసింది.

మేము నడుచుకుంటూ రోడ్డు మీదకు వెళ్ళి, కట్టెల పొయ్యి మీద కాచిన టీ తాగాం. మంచు మా మధ్యలోంచే నడిచి వెళ్ళింది. ఎవరికీ ఏ లోటూ జరగలేదు.

ఈ సంగతి నలుగురికి చెప్పినప్పుడు వినిపించిన మాటలకు నా జవాబులు కూడా రాస్తాను. ‘బత్తా ఇస్తున్నాం కదా’ అంటారు. సీజనులో అక్కడ గది ధర ఎంతో మీరే కట్టారు, మీకు తెలుసు. ఆ 500లో అతను తినాలి, ఏమైనా మిగిలితే ఇంటికి పంపాలి. ‘అది యజమాని చూసుకోవాలి’ అంటారు. నిజమే, చూసుకోవాలి. కానీ ఘాట్ రోడ్డులో అతని వెనక కూర్చునేది యజమాని పిల్లలు కాదు. ‘సామాను బండిలో ఉంటుంది, కాపలా ఉండాలి’ అంటారు. సామాను గదిలోకి తెచ్చుకోండి. ‘ఆడవాళ్ళున్నారు, కొత్త మనిషిని పక్కన ఎలా పడుకోబెడతాం’ అన్న మాట ఒక్కటే నాకు న్యాయంగా అనిపించింది. దానికి జవాబు అతన్ని చలిలో ఉంచడం కాదు, బుక్ చేసేటప్పుడే అతనికి వేరే పడక అడగడం.

ఇది దయ చూపించే సంగతి కూడా కాదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు అని రాసింది. ఐదు గంటలు పని చేశాక కనీసం అరగంట విరామం అంది. ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థల కోసం చేసిన, 2025 దాకా అమల్లో ఉన్న చట్టం అది. ఒక్క బండి, ఒక్క డ్రైవరు ఉన్న యజమానికి అది నేరుగా అంటేది కాదు. మనం మాట్లాడుకునేవి ఎక్కువగా అలాంటి బళ్ళే. తమిళనాడు ప్రభుత్వం 2023లో భవన నిర్మాణ నిబంధనలు సవరించి, హోటళ్ళు, లాడ్జిలు డ్రైవర్లకు పడుకునే గది, స్నానాల గది ఏర్పాటు చేయాలని చెప్పింది.  ఊటీ, కొడైకెనాల్ చలిలో బళ్ళలో పడుకునేవాళ్ళ కష్టం అక్కడ కాగితం మీదకు ఎక్కింది. అరకు, లంబసింగి, అనంతగిరి, హార్సిలీ హిల్స్... మన కొండల మీద నేను దిగిన ఏ చోటా డ్రైవరుకు పడక చూడలేదు. పార్కింగ్ స్థలం మాత్రం అన్నిచోట్లా చూపించారు. బండికి చోటు ఉంది, దాన్ని నడిపినవాడికి లేదు.

ఊరు దాటనక్కర్లేదు కూడా. ముప్పై ఒకటో తారీఖు రాత్రి హైదరాబాదులో ఏ పెద్ద విందు జరిగే చోటికైనా వెళ్ళి గేటు బయట చూడండి. వరసగా కార్లు, వాటి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు. లోపల వంద రకాల వంటకాలు ఉంటాయి. గేటు బయటకు ఒక్క పళ్ళెం రాదు. తర్వాత రెండు వారాలకు సంక్రాంతి. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన బళ్ళను టీవీల్లో చూసి ఊరు ఖాళీ అయిందని మురిసిపోతాం. ఆ స్టీరింగుల వెనక ఉన్నవాళ్ళలో ఎందరు భోగిమంట తమ ఇంటి ముందు చూస్తారు? మమ్మల్ని కొండకు తీసుకెళ్ళిన అబ్బాయికి ఐదేళ్ళ కూతురు ఉంది. మూడు పండుగలుగా భోగిపళ్ళు పోసే వేళకు ఇంట్లో లేనని చెప్పాడు. ఇది చెప్పేటప్పుడు అతని గొంతులో ఫిర్యాదు లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

కాబట్టి ఈ రోజే ఫోను చేసి అడగండి. డ్రైవరుకు పడక, దుప్పటి, వేడినీళ్ళు ఉన్నాయా? లేకపోతే ఇంకో చోటు చూసుకుంటామని చెప్పండి. పదిమంది అలా అంటే వాళ్ళే ఏర్పాటు చేస్తారు. రాత్రి ప్రయాణం పెట్టుకుంటే మర్నాడు పగలు అతనికి ఆరు గంటల నిద్ర వదలండి, లేదా ఇద్దరు డ్రైవర్లకు డబ్బు కట్టండి. తెల్లవారుజామున కొండ ఎక్కాలనుకుంటే ముందు రాత్రి తొమ్మిదికే పాటలు ఆపండి. బండిని నడిపేది మీ బావగారో, తమ్ముడో అయినా ఇంతే. ఇంటివాడైనంత మాత్రాన తక్కువ నిద్ర సరిపోదు.

వచ్చే జనవరిలో కనుమ దాటాక మళ్ళీ వెళుతున్నాం, అరకుకు. అదే 14 మందిమి, బండి కూడా అదే, అతనే. మొన్న గదుల కోసం ఫోను చేసి 15 పడకలు కావాలన్నాను. ‘మీరు 14 మందే కదండీ’ అని అవతలి అతను రెండుసార్లు లెక్కపెట్టాడు. పదిహేనో మనిషి ఎవరో చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత ‘వంటగది పక్కన గది ఒకటి ఉందండీ, వెచ్చగా ఉంటుంది, కానీ ఎప్పుడూ ఎవరూ అడగలేదు’ అన్నాడు. మంచం వేయించమని అడ్వాన్సు పంపాను.