చించితేనే పంచినట్టు

పాత పుస్తకాలు చించి పేజీల లెక్కన అమ్ముకునే వ్యాపారుల్ని లోకం ఊరికే ఆడిపోసుకుంటోంది. కొందరైతే కసాయివాళ్లని కూడా అనేస్తున్నారు. ఏడొందల ఏళ్ల నాటి రాతప్రతిని మొత్తంగా అమ్మకానికి పెడితే కొనేవాడు ఒక్కడు దొరుకుతాడు, వాడూ నిపుణుల్ని వెంటేసుకొచ్చి గీచి గీచి బేరమాడతాడు. అదే మూడొందల ఆకులుగా విడదీశారనుకోండి, మూడొందల మంది కొంటారు, ఒక్కరూ నోరెత్తరు. విడి ఆకు ఎంత చేస్తుందో ఎవరికి తెలుసు గనక? మొత్తం కన్నా ముక్కలే ఎక్కువ పలుకుతాయని రుజువు చేసిన ఈ గణితవేత్తలకు శాలువా కప్పడం మానేసి శాపనార్థాలు పెడుతున్నాం.

పైగా వీళ్లది ఉత్త వ్యాపారం కాదు, సమసమాజం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చిత్రకళ నేర్పిన పంతులుగారు ఒట్టో ఎగీ 1938లో ఒక పత్రికకు వ్యాసం రాస్తూ, తాను పుస్తకాల్ని ధ్వంసం చేసేవాణ్ణని శీర్షికలోనే ధైర్యంగా చాటుకున్నారు. ఆయన వాదన వింటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. పూర్తి రాతప్రతి కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అదే వెయ్యిమంది తలా ఒక ఆకు చేతపట్టుకుని పులకించిపోతే అంతకన్నా ఏం కావాలి? ఆశయం చెప్పి ఊరుకునే మనిషి కాదాయన. యాభై రాతప్రతుల నుంచి తలా ఒక ఆకు చొప్పున ఒక పెట్టె, అలాంటివి నలభై పెట్టెలు. ఆయన 1951లో పోయాక అవి ఒక్కోటీ ఒక్కో లైబ్రరీకి, ఒక్కో కలెక్టరుకి చేరాయి. ఇదే న్యాయం మన హనుమకొండ వేయిస్తంభాల గుడికి వర్తింపజేస్తే వెయ్యి ఇళ్ల హాళ్లలో కాకతీయ వైభవం వెలిగిపోయేది. మనకి ఆ దూరదృష్టి లేదు.

పేర్లు పెట్టడంలో కూడా వీళ్ల సంస్కారం చూడండి. 1921లో న్యూయార్క్ వ్యాపారి గేబ్రియల్ వెల్స్ యూరప్‌లో అచ్చయిన తొలి పెద్ద పుస్తకం గుటెన్‌బర్గ్ బైబిల్ ప్రతి ఒకటి విప్పేసి ఆకులు అమ్మారు. దానికి ‘ఉదాత్త శకలం’ అని పేరు పెట్టి, మంచి తోలు అట్టలో ఒక్కో ఆకు అమర్చి, ముందు ఒక వ్యాసం కూడా రాయించి ఇచ్చారు. ఆ బైబిల్లో ముందే కొన్ని ఆకులు లేవట. పన్ను ఊడినవాడికి మిగతావన్నీ పీకేసినట్టు అని గిట్టనివాళ్లు అంటే అననీ.

ఇప్పుడు ఆ కొన్న ఆకు సంగతి చూద్దాం. చర్మం మీద రాసిన ఆకు, అంచున పిన్నీసు మొన అంత చిన్న చిల్లులు. కుట్టుదారం వెళ్లిన చోట్లవి. చూడ్డానికి బాగోదని మౌంటు అట్ట కింద దాచేస్తారు. బంగారు పూత పెట్టిన పెద్ద అక్షరం ఉంటే ధర ఎక్కువ, ఉత్త రాతే ఉంటే తక్కువ. ఆకుకి రెండు పక్కలుంటాయి కాబట్టి, బంగారం ఉన్న పక్క మన వైపు, లేని పక్క గోడ వైపు. మొదటి పక్కన మొదలైన వాక్యం గోడకి వినిపిస్తూ పూర్తవుతుంది. తర్వాతి వాక్యం వేరే ఊళ్లో వేరే గోడ మీద ఉంటుంది. చదవాలని కొనేవాడు ఎలాగూ లేడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

మేం చించకపోతే చెదలు తినేవి అని కొందరు వ్యాపారులు చెప్పుకుంటారు. ఇది వాళ్లు తమని తాము తక్కువ చేసుకోవడం. చెదపురుగుకి అభిరుచి ఉండదు, బొమ్మనీ రాతనీ సమానంగా తింటుంది. వీళ్లు బొమ్మలు ఏరి తీస్తారు.

అభిరుచి అంటే ఆర్థర్ హాటన్ గారిది. అరుదైన పుస్తకాలు భద్రపరచడానికి హార్వర్డ్‌లో ఆయన పేరుతో 1942 నుంచీ ఒక లైబ్రరీయే ఉంది. అంత పుస్తకప్రియుడు. 1959లో ఆయన చేతికి ఇరాన్ రాజు షా తహ్మాస్ప్ చేయించిన షానామా, అంటే పారశీక రాజుల కథల కావ్యం, బొమ్మల రాతప్రతి వచ్చింది. బొమ్మలు 258. నాలుగు శతాబ్దాల పాటు ఇస్తాంబుల్ సుల్తాన్ల దగ్గరా పారిస్ కోటీశ్వరుల దగ్గరా ఒక్క కట్టుగా బతికిన పుస్తకం, పుస్తకప్రియుడి దగ్గరికి రాగానే విడిపోయింది. 78 బొమ్మలు తాను ట్రస్టీగా ఉన్న న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చారు. 1976లో ఏడు ఆకులు వేలానికి వెళ్లాయి, తర్వాత ఇంకొన్ని. ఆయన పోయాక 1994లో, మిగిలిన 118 బొమ్మలూ రాత ఆకులూ అట్టా కలిపి వియన్నా విమానాశ్రయంలో ఇరాన్‌కి అప్పగించారు. బదులుగా ఇరాన్ అమెరికన్ చిత్రకారుడు డికూనింగ్ గీసిన నగ్నస్త్రీ చిత్రం ఒకటి ఇచ్చింది, వాళ్లకి అది ఎలాగూ గోడకి తగిలించలేని తలనొప్పి. మొత్తానికి బొమ్మల్లో సగం కూడా రాకపోయినా అట్ట మాత్రం పూర్తిగా వచ్చింది. 2022లో అందులోని ఒక్క ఆకు లండన్ వేలంలో 80 లక్షల పౌండ్లు దాటింది. ఇంకా ఈ పని తప్పంటారా?

చట్టం కూడా తప్పనదు, బిల్లు చూపిస్తే చాలు. 2005లో యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో ఒక మ్యాపుల వ్యాపారి పాత పుస్తకాలు తిరగేస్తుండగా ఆయన దగ్గర్నుంచి చిన్న బ్లేడు జారి కిందపడింది. సిబ్బంది అది చూసి పట్టుకున్నారు. 97 మ్యాపులు కాజేసినట్టు ఒప్పుకున్నాడు, మూడున్నరేళ్ల జైలు పడింది. అదే బ్లేడు, అదే చెయ్యి, అదే అట్లాసు. పుస్తకం ముందు కొనుక్కుని ఇంట్లో కోసుకుని ఉంటే కేటలాగు అచ్చేసుకునేవాడు. కాస్త పెట్టుబడి పెట్టే ఓపిక లేకపోయింది, అంతే.

మన సంప్రదాయం దీన్ని ఒప్పుకోదని ఎవరో లేచి శ్లోకం చదువుతారు, తెలుసు. పూర్వం రాయసగాళ్లు గ్రంథం చివర రాసుకున్నదే: ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకం’. నూనె నుంచీ, నీళ్ల నుంచీ, వదులైన కట్టు నుంచీ నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికివ్వకు అని పుస్తకమే మొరపెట్టుకుంటోంది. జాగ్రత్తగా చదవండి. కట్టు వదులు కాకూడదంది, అసలు కట్టే తీసేస్తే వదులయ్యే ప్రసక్తే లేదు. ఇక మూర్ఖుడంటారా, ఈ వ్యాపారిని ఏ కోణంలో చూసినా ఆ మాట అనలేం. ఆ మాటకొస్తే మన తాళపత్రాలకి బ్లేడు కూడా అక్కర్లేదు, చిల్లులోంచి తాడు లాగేస్తే చాలు. అంత వీలున్నా బ్రౌన్ దొర ఏం చేశాడు? కడపలో బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి నాలుగు ఊళ్ల ప్రతులు తెప్పించి, పోయిన పద్యం ఎక్కడుందో వెతికించి అతికించాడు. అప్పులపాలయ్యాడు. ఆకు ఒక్కటికి రెండణాల లెక్కన లండన్‌కి పంపుకుని ఉంటే దర్జాగా రిటైరయ్యేవాడు.

ఈ పరిశ్రమ కల్పించే ఉపాధిని కూడా మరిచిపోకూడదు. బోవే మిస్సల్ అనే పదమూడో శతాబ్దపు ఫ్రెంచి ప్రార్థన గ్రంథం, 309 ఆకులది, 1942లో న్యూయార్క్ వ్యాపారి చేతిలో పడి విడిపోయింది. ఎగీ గారికీ అందులో వాటా దక్కింది. అప్పట్నుంచి అమెరికా అంతా చెల్లాచెదురైన ఆ ఆకుల్ని లీసా ఫేగిన్ డేవిస్ అనే పండితురాలు ఏళ్ల తరబడి మ్యూజియాలూ వేలం కేటలాగులూ గాలించి, ఫొటోలు తీయించి, కంప్యూటర్ తెర మీద వరసలో పెడుతున్నారు. ఇప్పటికి వంద పైచిలుకు దొరికాయి. ఆ మధ్య మెయిన్ రాష్ట్రంలో ఒకాయన పాత సామాన్ల అమ్మకంలో 75 డాలర్లకి ఒక ఆకు కొని తెచ్చుకుంటే, అదీ ఇందులోదేనని తేలింది. వ్యాపారి ఒక్క సాయంత్రంలో కల్పించిన పని, ఇన్ని దశాబ్దాలైనా సగం కూడా తెమల్లేదు.

చించబోయేవారికి నా తరఫున ఒక్కటే విన్నపం. ఆకు తీసేముందు మూలన పెన్సిల్‌తో నంబరు వెయ్యండి. ధర తగ్గుతుందన్న టెన్షన్ వద్దు, మౌంటు కింద అది కనబడదు.