అచ్చమాంబ గారి ఆసుపత్రి, అక్కయ్య గారి అభ్యంతరాలు

(పి.గన్నవరం దగ్గరి ఒక పల్లెలో పెరటి అరుగు. అక్కయ్య ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. చేతులకు జిగురు అంటకుండా నూనె రాసుకుని, చెక్కు తీసిన పనసకాయను పెద్ద కత్తితో పొట్టు కొడుతున్నది. తమ్ముడు పంచాయతీ కార్యదర్శిగా రిటైరయ్యాడు గానీ అర్జీలు రాయడం నుంచి ఇంకా రిటైరు కాలేదు.)

తమ్ముడు: అక్కయ్యా, మన ఆసుపత్రికి డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారి పేరు పెట్టాలని కలెక్టరు గారికి అర్జీ సిద్ధం చేశాను. చదువుతాను, అడ్డు రాకుండా విను.

అక్కయ్య: నా రెండు చేతులూ పనసకాయ మీదే ఉన్నాయి. నోటికి మాత్రం నేను పూచీ ఉండలేను.

తమ్ముడు: "దివ్యసముఖానికి. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరు, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి సంపాదకులు, చరిత్ర పరిశోధకులు, బహుభాషా కోవిదులు అయిన శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు గారు..."

అక్కయ్య: ఆగు. పేరు ఎవరిది పెట్టమంటున్నావు?

తమ్ముడు: "వారి కుమార్తె అయిన" అంటూ తరువాతి పేజీలో ఆవిడే వస్తారు.

అక్కయ్య: తండ్రి గారు 1923లో పోయారు. ఆ తరువాత మరో నలభై ఏళ్ళు బతికి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, బెజవాడలో వేలు పెట్టి నాడి చూసి, 1957లో అక్కడి నుంచే లోక్‌సభకు గెలిచిన మనిషిని, నువ్వు ఇంకా తండ్రి గారి వీధి గుమ్మంలోనే నిలబెట్టావు. ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డవాళ్ళను కూడా ఇంతసేపు నిలబెట్టరురా.

తమ్ముడు: రెండో పేజీ వింటే నీ కోపం పోతుంది. "దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుని, స్త్రీల జీవిత చరిత్రలు రచించి, 1902లో బందరులో స్త్రీ సమాజ స్థాపనకు పూనుకుని..."

అక్కయ్య: ఆవిడ భండారు అచ్చమాంబ గారు, ఈ డాక్టరు గారికి మేనత్త. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు. మేనత్త 1905లోనే కన్నుమూసింది. పోయిన మనిషిని అర్ధ శతాబ్దం తరువాత లోక్‌సభకు పంపావంటే, కలెక్టరు గారు ఆసుపత్రికి పేరు మంజూరు చేసే ముందు అందులో నీకొక మంచం మంజూరు చేస్తారు.

తమ్ముడు: (కలం తీసి గీతలు కొడుతూ) ఆ మేనత్త తమ్ముడి చదువు చూసి తాను నేర్చుకుందట. అలాంటి అక్కలు కూడా ఉండేవారు.

అక్కయ్య: ఆ తమ్ముడు లక్ష్మణరావు గారు కనుక చెల్లింది. మూడో పేజీ చదువు.

తమ్ముడు: "ఆసుపత్రి మొత్తానికి పెట్టడానికి ఇబ్బంది ఉన్నచో, కనీసం ప్రసూతి వార్డుకైనా..."

(కత్తి ఆగింది. పొట్టు కొట్టే చప్పుడు ఆగినప్పుడు ఆ ఇంట్లో అనుభవం ఉన్నవారెవరైనా కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు.)

అక్కయ్య: విశాఖపట్నంలో 1923 నుంచి పెద్దాసుపత్రికి కింగ్ జార్జి పేరు ఉన్నది. ఆ దొర గారు ఏ వార్డులో డ్యూటీ చేశారు? ఎవరికి కట్టు కట్టారు? వైద్యం రాని రాజు గారికి ఆసుపత్రి అంతా రాసిచ్చి, వైద్యం చదివిన ఆవిడకు ఒక వార్డు చాలునంటావా? ఆడ డాక్టరు అంటే పురుడు పొయ్యడమే అనుకునేవారు మద్రాసులోని అడయారు వెళ్ళి రావాలి. 1912లో డాక్టరు పట్టా పుచ్చుకున్న ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో అక్కడ క్యాన్సరు ఆసుపత్రి పెట్టించారు. అక్కడ మగవాళ్ళకు మంచాలు వెయ్యలేదా?

తమ్ముడు: వేశారు. వార్డు మాట తీసేశాను. కానీ ఊళ్ళో ఒక ప్రశ్న వస్తుంది, దానికి జవాబు నీ దగ్గర కూడా ఉండదు. ఆవిడ బెజవాడ మనిషి, మన గోదావరికి ఏమవుతారని అడుగుతారు.

అక్కయ్య: అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. నాకూ ఆ సందేహం ఉన్నది.

తమ్ముడు: (ఆశ్చర్యంతో కూడిన ఉత్సాహంతో) అయితే జవాబు నేనే చెబుతాను. కాటన్ దొర ఏ లంకలో పుట్టాడని ఊరూరా విగ్రహం పెట్టి దండలు వేస్తున్నాము?

అక్కయ్య: ఆయన ఆనకట్ట కట్టి నీళ్ళు ఇచ్చాడు.

తమ్ముడు: ఈవిడ ప్రసూతి గురించి, పసిపిల్లల పోషణ గురించి తెలుగులో పుస్తకం రాసి ఇచ్చారు. తెలుగు చదవడం వచ్చిన బాలింతకు అది కృష్ణ ఒడ్డునా పనికొస్తుంది, మన గోదావరి పాయ వైనతేయ ఒడ్డునా పనికొస్తుంది.

అక్కయ్య: (కాసేపు పొట్టు మీద దృష్టి పెట్టి) ఇది మొదటి పేజీలో రాయవలసిన మాట. పంతులు గారి బిరుదుల కింద దాచావు. నా సర్వీసులో సగం రోజులు, బిడ్డకు మొదటి పాలు పిండి పారబొయ్యవద్దని ముసలమ్మలకు చెప్పడంతోనే గడిచిపోయాయి. సరే, పూర్తి పేరు ఏమని రాశావు?

తమ్ముడు: "డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గవర్నమెంట్ ఏరియా హాస్పిటల్." పొడి అక్షరాలలో డీకేఏజీఏహెచ్.

అక్కయ్య: అది ఆసుపత్రి పేరులా లేదు, ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన దగ్గులా ఉన్నది. నొప్పులు పడుతున్న పిల్లను ఆటోలో ఎక్కించుకుని ఆ అక్షరాలన్నీ చెప్పేలోపు ప్రసవం అయిపోతుంది. విశాఖలో అదే జరిగింది. కేజీహెచ్ అంటారు గానీ ఆ జార్జి ఎవరో ఎవరికి కావాలి? రాజు గారు కనుక నష్టం లేదు, అచ్చమాంబ గారిని అలా పోగొట్టుకోవడానికి నేను ఒప్పుకోను.

తమ్ముడు: మరి ఎలా పెట్టమంటావు?

అక్కయ్య: "అచ్చమాంబ ఆసుపత్రి" చాలు. చీటీ మీద అదే, గేటు మీద అదే. కలెక్టరు గారితో పాటు ఆర్టీసీ డిపో మేనేజరుకు కూడా ఒక ప్రతి పంపు. ఇక్కడ ఏటి మీదుగా కాలువ నీళ్ళు దాటించే కొత్త అక్విడక్టుకు, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, అయినా బస్సు దిగేవాళ్ళందరూ అక్విడక్టు అనే అంటారు. కండక్టరు నోట పడని పేరు శిలాఫలకం మీదే ఉండిపోతుంది.

తమ్ముడు: పెట్టిన పేరు నిలుస్తుందా అని నా భయం. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఒకసారి, 2024లో ఇంకొకసారి పేరు మారింది.

అక్కయ్య: బాగుపడినవాడు బోర్డులు రాసే పెయింటరు. శిలాఫలకం సంగతి కూడా రాయి. మంత్రి గారి పేరు, ఎమ్మెల్యే గారి పేరు, గుత్తేదారు పేరు అన్నీ పోను మిగిలిన జాగాలో డాక్టరు గారిని ఇరికించకూడదు. అట్టడుగున "అర్జీదారు" అంటూ నీ పేరు అసలే ఉండకూడదు.

తమ్ముడు: (ఒక పేజీని నిశ్శబ్దంగా మడిచి జేబులో పెట్టుకుంటూ) అలాంటి ఆలోచన నాకు లేదు. కానీ అక్కయ్యా, లక్ష్మణరావు పంతులు గారిని బొత్తిగా తీసేస్తే బాగుంటుందా? "వారి కుమార్తె" అని ఒక్క ముక్కయినా ఉంచనీ.

అక్కయ్య: హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టినవారిలో ఆయన ఒకరు కదా. అక్కడికి ఇంకొక అర్జీ రాసి, ఆయన పేరు కింద "డాక్టర్ అచ్చమాంబ గారి తండ్రి" అని రాయించమని అడుగు.

తమ్ముడు: వాళ్ళు ఒప్పుకోరు.

అక్కయ్య: అయితే ఇక్కడా కొట్టెయ్యి.