వేటగాడు రాని స్నేహ కథలు

మన పిల్లలకి చెప్పే జంతువుల స్నేహ కథ దాదాపు ఏది తీసుకున్నా, కాసేపట్లో ఒక వేటగాడు వచ్చేస్తాడు. లేదంటే స్నేహితుల్లో ఒకరు రెండోవాళ్ళని మోసం చేయాలని చూస్తారు. చిత్రగ్రీవుడి పావురాలు వలలో పడతాయి, హిరణ్యకుడనే ఎలుక వచ్చి వల తాళ్ళు కొరుకుతాడు. మొసలి కోతి గుండె కోసం పథకం వేస్తుంది. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో తెలుగు చేసిన మిత్రలాభం నుంచి, ఇప్పుడు అన్నం తినిపిస్తూ ఫోన్లో పెట్టే వీడియోల దాకా నడక ఇదే. చివర్లో 'నీతి' అని ఒక లైను తప్పకుండా ఉంటుంది.

ఆ కథలంటే నాకు చాలా ఇష్టం. ముఖ్యంగా లఘుపతనకుడనే కాకి స్నేహం చేద్దామని వస్తే, నువ్వు తినేవాడివి, నేను నీకు తిండిని, మనకి స్నేహమేంటని ఎలుక కలుగులోంచే వాదించే చోటు. కానీ విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది రాజు కొడుకులకి. ఎవరిని నమ్మాలి, ఎవరితో పొత్తు పెట్టుకోవాలన్నది వాళ్ళకి ప్రాణాల మీది వ్యవహారం. ఒకటో తరగతి పిల్లకి ఉండే టెన్షన్ వేరు. నా ఫ్రెండ్ ఈ రోజు నా పక్కన ఎందుకు కూర్చోలేదు, నేను ఏడిస్తే ఎందుకు నవ్వింది, నాతో ఆడనంటే నేనంటే ఇష్టం లేనట్టేనా? వల కొరికే ఎలుక దగ్గర వీటికి జవాబు లేదు.

జవాబు ఉన్న కథలు నాకు తెలిసినంతలో అమెరికన్ రచయిత, చిత్రకారుడు ఆర్నాల్డ్ లోబెల్‌వి. ఫ్రాగ్, టోడ్ అని రెండు కప్పలు, 1970 నుంచి 1979 మధ్య నాలుగు పుస్తకాలు, ఒక్కోదాంట్లో ఐదు కథలు. కోట్లు వేసుకుని, చిన్న చిన్న ఇళ్ళల్లో ఉంటూ, ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళి వస్తూ ఉంటారు. ఫ్రాగ్ నెమ్మదస్తుడు. టోడ్‌కి ప్రతిదానికీ కంగారు, అలక, బద్ధకం. వేటగాడు ఎక్కడా లేడు.

ఒక కథలో టోడ్ దిగులుగా గుమ్మంలో కూర్చుని ఉంటాడు, తనకి ఎప్పుడూ ఒక్క ఉత్తరం కూడా రాదని. ఫ్రాగ్ గబగబా ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాడు. రాసి, ఇచ్చి రమ్మని ఒక నత్త చేతికి ఇస్తాడు! తిరిగొచ్చేసరికి టోడ్ ఆశ వదిలేసుకుని పడుకుని ఉంటాడు. ఇంకాస్త చూడమని బతిమాలుతూ, మాటిమాటికీ కిటికీలోంచి చూసి చూసి, చివరికి ఫ్రాగ్ ఉండబట్టలేక చెప్పేస్తాడు, ఉత్తరం రాసింది నేనేనని, అందులో ఏముందో కూడా. మామూలు లెక్కలో కథ అక్కడ పాడైపోవాలి, సర్‌ప్రైజ్ పోయింది కదా. కానీ ఇద్దరూ వెళ్ళి గుమ్మంలో పక్కపక్కన కూర్చుని, లోపల ఏం రాసుందో తెలిసిన ఉత్తరం కోసం సంతోషంగా ఎదురుచూస్తారు. నత్త రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ కాపాడలేదు. నీ దిగులు చూసి నాకు ఊరుకోబుద్ధి కాలేదన్నదే మొత్తం కథ, ఆరేళ్ళ పిల్లలకి అది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో కథలో ఫ్రాగ్ తలుపు మీద ఒక చీటీ ఉంటుంది, ఒంటరిగా ఉండాలనుంది, బయటికి వెళ్తున్నానని. టోడ్ గుండె జారిపోతుంది, నేనేం తప్పు చేశానని. శాండ్‌విచ్‌లు చేసుకుని, తాబేలు వీపెక్కి, నీళ్ళలో పడి, తడిసి ముద్దయి మొత్తానికి దగ్గరికి చేరతాడు. తీరా చూస్తే ఫ్రాగ్‌కి కోపం లేదు, బాధా లేదు. అంతా ఎంత బాగుందో, టోడ్ తనకి స్నేహితుడిగా ఉండడం ఎంత బాగుందో తలచుకుంటూ కాసేపు ఒక్కడే కూర్చోవాలనుకున్నాడంతే. స్నేహితులకి కూడా ఏకాంతం కావాలని, అది నీ మీద కోపం కాదని చెప్పే పిల్లల కథ తెలుగులో నాకైతే తగల్లేదు. పెద్దవాళ్ళలో కూడా ఇది తెలియక నలిగిపోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాం, మెసేజ్ చూసి రిప్లై ఇవ్వలేదని రెండు రోజులు అన్నం సహించనివాళ్ళని.

లోబెల్ స్నేహాన్ని తియ్యగా చేసి పెట్టలేదు కూడా. ఈత దుస్తుల్లో టోడ్ అవతారం చూసి ఒడ్డున ఉన్న జంతువులన్నీ నవ్వుతాయి, ఫ్రాగ్ కూడా నవ్వుతాడు. టోడ్ బట్టలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. క్షమాపణ లేదు, కథ అక్కడే అయిపోతుంది, తర్వాతి కథలో మళ్ళీ ఇద్దరూ కలిసే ఉంటారు. ఇంకో చోట ఒకరికి తెలియకుండా ఒకరు రెండోవాళ్ళ పెరట్లో రాలిన ఆకులన్నీ ఊడ్చి పెడితే, గాలి వచ్చి రెండు కుప్పలూ చెదరగొట్టేస్తుంది. చేసిన సాయం ఎవరికీ అందలేదు. అయినా ఆ రాత్రి ఇద్దరూ హాయిగా నిద్రపోతారు. దీని చివర ఏ నీతి వాక్యం పెడతారు? ఏది పెట్టినా కథ చిన్నదైపోతుంది.

కథలో ఏమీ జరగట్లేదు, పిల్లలకి బోర్ కొడుతుందని కొందరు తల్లిదండ్రులు అంటారు. నాకు అలా అనిపించదు. టిఫిన్ బాక్సులోది పంచుకోలేదన్న సంగతి పిల్లలు ఇంటికొచ్చి ఎంత వివరంగా చెప్తారో విన్నవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. వాళ్ళ లోకంలో పెద్ద సంఘటనలు అవే.

రాసేవాళ్ళకి, అచ్చువేసేవాళ్ళకి ఇంకో విషయం. ఈ పుస్తకాలు అప్పుడప్పుడే సొంతంగా చదవడం మొదలుపెట్టిన పిల్లల కోసం తెచ్చినవి. 64 పేజీలు, చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, పేజీ పేజీకి బొమ్మ. 'మంచి పుస్తకం', 'ప్రథమ్ బుక్స్' లాంటి ప్రచురణ సంస్థల వల్ల తెలుగులో బొమ్మల పుస్తకాలు పెరిగాయి, అది నిజంగా సంతోషం. కానీ పేజీకో వాక్యం ఉండే పుస్తకం దాటాక, కిక్కిరిసిన అక్షరాల కథల సంపుటి చేతికొచ్చేలోపు మధ్యలో ఒక మెట్టు ఉండాలి. వత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లలు తమంతట తాము చదువుకోగలిగే, అవే రెండు పాత్రలు పుస్తకం తర్వాత పుస్తకంలో కనిపించే కథలు. ఉడతా తొండా అయినా సరే, కొంగా గేదే అయినా సరే, మన చెరువు గట్టు మీద, మన వానాకాలంలో, ఒకదాని మీద ఒకటి అలిగి మళ్ళీ కలిసి కూర్చునేవి. బాగా రాయగలిగినవాళ్ళు మనకి ఉన్నారు. వాళ్ళు రాసి ఇచ్చినప్పుడు, చివర్లో నీతి ఏదని మాత్రం సంపాదకులు అడగకుండా ఉండాలి.